ఖగోళ గణితజ్ఞుడు కార్ల్ ష్వార్జ్‌షీల్డ్

ఆకాశమునుండి భూమికి ఏదో ఒక కీడు మూడునను భయము మానవునకు మిక్కిలి ప్రాచీనమైనది. పూర్వము తోకచుక్క పొడిచిన చాలును, రాజులకు చేటనియు ప్రజలకు కరవనియు పెద్దలు కలవరపడెడివారు. గ్రహణము పట్టినచో రాహువు సూర్యుని మ్రింగుచున్నాడని చెప్పుకొనెడివారు. నేడు రాహుకేతువుల భయము చాలవరకు తీరినది. కాని వారి స్థానమున మరియొక మ్రింగుడు భూతము వచ్చి చేరినది. దానిపేరు కృష్ణబిలము. అది దరిజేరిన దానినెల్ల మ్రింగివేయుననియు, దానిలో పడిన వెలుగు సైతము వెలుపలికి రాజాలదనియు, ఎన్నడో ఒకనాడు మన భూమికిని ఆ గతి తప్పదనియు చెప్పుకొనుట మీరు వినియే యుందురు.

ఇందులో నిజమెంత? దీనిని తేల్చుటకు కావలసిన కొలబద్దను లోకమునకు మొదట ఇచ్చినవాడు ఒక జర్మను పండితుడు. ఆయన దానిని వేధశాలలో ప్రశాంతముగా కూర్చుండి కనుగొనలేదు. సైనికుని దుస్తులు ధరించి, యుద్ధరంగమున నుండగా, తీరిక దొరకిన గడియలలో కాగితముమీద లెక్కవేసి కనుగొనెను. ఆ పిమ్మట ఐదు మాసములు నిండకమునుపే కన్నుమూసెను. ఆయనయే కార్ల్ ష్వార్జ్‌షీల్డ్.

ష్వార్జ్‌షీల్డ్ 1873 వ సంవత్సరము అక్టోబరు 9 వ తేదీన జర్మనీదేశమందలి ఫ్రాంక్‌ఫర్ట్ నగరమున జన్మించెను. ఆరుగురు బిడ్డలలో అతడే పెద్దవాడు. తండ్రి సంపన్నుడైన వర్తకుడు. యూదుల కుటుంబము. ఇంటిలో సంగీతమునకును చిత్రకళకును ఆదరణ యుండెను గాని, ఆకాశమును పరికించువారు ఎవ్వరును లేరు. జర్మను భాషలో ఆ యింటిపేరునకు నల్లని డాలు అని అర్థము వచ్చును. వెలుగును బయటికి విడువని నల్లని గోళముల లెక్కకు అట్టి పేరుగల వంశమువాని పేరే స్థిరపడుట కేవలము కాకతాళీయమే యైనను వింతగా తోచును.

చిన్ననాడే అతనికి చుక్కలను చూడవలెనను కోరిక కలిగెను. తన ఖర్చులకై యింటివారిచ్చిన డబ్బును కూడబెట్టి కటకములు కొని, స్వయముగా ఒక చిన్న దూరదర్శినిని తయారు చేసికొనెను. కుమారుని ఆసక్తిని గమనించిన తండ్రి, సొంతముగా ఒక చిన్న వేధశాలను పెట్టుకొనియున్న ఎప్‌స్టైన్ అను మిత్రునకు అతనిని పరిచయము చేసెను. ఆ మిత్రుని కుమారుడు పాల్ ఎప్‌స్టైన్ గణితమున దిట్ట. తరువాతి కాలమున గణితవేత్తగా పేరు పొందెను. వయస్సున కొంచెము పెద్దవాడైన ఆ స్నేహితుని సహవాసమున బాలుడైన కార్ల్ ఉన్నత గణితమును నేర్చెను. 1890 లో జంటనక్షత్రముల కక్ష్యలను గూర్చి అతడు వ్రాసిన రెండు వ్యాసములు జర్మనీలోని ప్రసిద్ధమైన ఖగోళశాస్త్ర పత్రికలో వెలువడెను. అప్పటికి అతనికి 16 ఏండ్లు. మీకంటె మూడు నాలుగేండ్లు మాత్రమే పెద్ద.

స్ట్రాస్‌బర్గ్ విశ్వవిద్యాలయమున రెండేండ్లు చదివి, తరువాత మ్యూనిక్ నగరమునకు పోయి, హ్యూగో ఫాన్ జేలిగర్ అను ఆచార్యునివద్ద శిష్యుడై 1896 లో డాక్టరు పట్టమును పొందెను. అదే సంవత్సరము వియన్నా నగరమందలి కుఫ్నర్ వేధశాలలో సహాయకుడుగా చేరెను.

ఆ రోజులలో నక్షత్రముల కాంతిని కొలుచుట ఒక పెద్ద చిక్కుగా నుండెను. పరిశీలకుడు దూరదర్శినిలో చూచి, ఈ చుక్క ఆ చుక్కకంటె ఇంత ప్రకాశవంతమైనదని కంటి అందాజుతో వ్రాసికొనవలసి యుండెను. ఒకరి కన్నువంటిది మరియొకరి కన్ను కాదు. అలసిన కన్నుకును అలయని కన్నుకును భేదము కలదు. ఛాయాగ్రహణ ఫలకమునకు ఈ చిక్కు లేదు గాని, దానిపై పడిన నల్లని మచ్చనుండి నక్షత్రకాంతిని లెక్కించు మార్గము అప్పటికి సరిగా కుదరలేదు. ష్వార్జ్‌షీల్డ్ ఒక చిన్న ఉపాయము చేసెను. చుక్కలు సూదిమొనలవలె స్ఫుటముగా పడకుండ ఫలకమును కొంచెము జరిపి, ఒక్కొక్క చుక్కయు చిన్న బిళ్ళవలె పడునట్లు చేసెను. ఆ బిళ్ళ ఎంత నలుపెక్కెనో కొలిచిన, చుక్క యొక్క కాంతి తెలియును. ఈ పద్ధతిచే ఆయన 367 నక్షత్రముల కాంతిని కొలిచెను. వానిలో, మన శ్రవణ నక్షత్రము గల గరుడ మండలమున, కాంతి హెచ్చుచు తగ్గుచుండెడి నక్షత్రమొకటి కలదు. కంటికి కనబడుదానికంటె ఫలకముపై దాని హెచ్చుతగ్గులు ఎక్కువగా ఉండుటను ఆయన గమనించెను. కంటికంటె ఫలకము నీలి వెలుగును ఎక్కువగా గ్రహించును. కావున ఆ నక్షత్రము యొక్క వేడిమియే మారుచున్నదని ఆయన గ్రహించెను. పరికరము ఒకటి ఒకటి చెప్పి, మరియొకటి మరియొకటి చెప్పినప్పుడు, రెంటిలో ఏదో తప్పని త్రోసివేయక, ఆ భేదమే ఏమి చెప్పుచున్నదో చూచుట ఆయనకు అలవాటు.

1900 వ సంవత్సరమున, తన 26 వ యేట, ఆయన హైడెల్బర్గ్ నగరమున జరిగిన ఖగోళశాస్త్రజ్ఞుల సభలో ఒక విచిత్రమైన ప్రశ్నను లేవనెత్తెను. మనము బడిలో త్రిభుజము యొక్క మూడు కోణముల మొత్తము రెండు లంబకోణములని చదువుకొందుము. నక్షత్రములంత దూరమున కూడ ఇది నిజమేనా? ఆకాశమే ఒకవేళ వంగియున్నచో, ఎంత వంగియుండవచ్చును? అప్పటికి తెలిసిన నక్షత్రదూరములను బట్టి, ఆ వంపు ఇంతకంటె మించరాదని ఆయన లెక్కకట్టి చూపెను. ఐన్‌స్టీన్ తన సిద్ధాంతమును ప్రకటించుటకు అది 15 ఏండ్ల ముందటి మాట. విన్నవారిలో చాలమందికి అది గణితవేత్త వినోదముగా తోచియుండును.

1901 లో ఆయన గోటింగెన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడుగను, అచ్చటి వేధశాలకు అధ్యక్షుడుగను నియమింపబడెను. ఒకప్పుడు మహాగణితజ్ఞుడైన గౌస్ అధిష్ఠించిన పీఠమది. ఆనాటి గోటింగెన్ గణితమునకు పుట్టినిల్లు. క్లైన్, హిల్బర్ట్, మింకోవ్‌స్కీ మొదలగువారు ఆయనకు సహచరులైరి. అచ్చట ఆయన సుమారు 3,500 నక్షత్రముల కాంతిని ఛాయాచిత్రములనుండి కొలిచి పట్టికలు కూర్చెను. 1905 లో సంపూర్ణ సూర్యగ్రహణమును చూచుటకు ఆఫ్రికాయందలి అల్జీరియాకు పోయెను. సూర్యుని పైపొరలలో వేడిమి లోపలినుండి వెలుపలికి కాంతిరూపమున ఎట్లు ప్రవహించునో 1906 లో వివరించెను. కొండలెక్కుటయన్నను, మంచుపై జారుటయన్నను ఆయనకు మక్కువ యెక్కువ. 1909 లో గోటింగెన్‌లోని ఒక శస్త్రవైద్యాచార్యుని కుమార్తెయగు ఎల్సే రోజెన్‌బాక్ అను ఆమెను వివాహమాడెను. వారికి ముగ్గురు బిడ్డలు కలిగిరి. ఆ సంవత్సరాంతముననే బెర్లిను సమీపమందలి పాట్స్‌డామ్ ఖగోళభౌతిక వేధశాలకు అధ్యక్షుడయ్యెను. జర్మనీదేశపు ఖగోళశాస్త్రజ్ఞునకు అంతకంటె గొప్ప పదవి లేదు.

ఆయన పాట్స్‌డామ్‌నకు వచ్చిన కొలది మాసములకే, 1910 లో, హేలీ తోకచుక్క కనబడెను. మే నెలలో భూమి ఆ తోకలోనుండి పోవుననియు, ఆ తోకలో విషవాయువు కలదనియు పత్రికలలో పడెను. విషవాయువు ఉన్నమాట నిజమే. అంతట ఐరోపా అమెరికాలలో పలువురు గడగడలాడిరి. కొందరు కిటికీల సందులను మూసికొనిరి. తోకచుక్క విషమునకు విరుగుడు మాత్రలమ్మి సొమ్ము చేసికొన్నవారును కలరు! మన తెలుగునాట గురజాడ అప్పారావుగారు ఆ సంవత్సరము రచించిన ముత్యాల సరములలో ఈ తోకచుక్క ప్రస్తావనము కనబడును. ఆ భయమున ఆయన పాలుపొందలేదు.

ష్వార్జ్‌షీల్డ్ ఆ తోకను కొలుచుటకు పూనుకొనెను. సూర్యకాంతి యొక్క ఒత్తిడి సూక్ష్మరేణువులను ఎంతవరకు నెట్టగలదో ఆయన 1901 లోనే లెక్కవేసి యుండెను. ఇప్పుడు పాట్స్‌డామ్ వారు కానరీ ద్వీపములలోని టెనరీఫ్ నుండి తీసికొనివచ్చిన ఛాయాచిత్రములను పరీక్షించి, తోకపొడవున కాంతి ఏ విధముగా తగ్గుచు వచ్చెనో నిర్ణయించెను. తోకచుక్క తోక మన కంటికి ఎంత భయంకరముగా తోచినను, అది మిక్కిలి పలుచనిది. మన శాస్త్రజ్ఞులు గాలిని తీసివేసిన గాజుబుడ్డి అని చెప్పుదానిలో మిగిలియుండు వాయువైనను దానిలో ఉండదు. భూమి తోకచుక్కను దాటిపోయెను. ఎవ్వరికిని ఏమియు కాలేదు.

పాట్స్‌డామ్ వేధశాలకును మనకును ఒక చిన్న సంబంధము కలదు. ఆకాశమునంతటిని ఛాయాచిత్రములుగా తీసి నక్షత్రముల పట్టికను కూర్చవలెనని 19 వ శతాబ్ది చివర పలుదేశముల వేధశాలలు తమలో తాము ఆకాశమును పంచుకొనెను. పాట్స్‌డామ్‌వారు తమ పాలు పూర్తిచేయలేకపోయిరి. అందులో కొంతభాగమును తరువాత హైదరాబాదునందలి నిజామియా వేధశాలవారు స్వీకరించి పూర్తిచేసిరి.

1914 వ సంవత్సరము ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధము మొదలయ్యెను. ష్వార్జ్‌షీల్డ్ వయస్సు అప్పటికే 40 దాటినది. పెద్ద పదవిలో నున్నవాడు. చిన్న బిడ్డల తండ్రి. యుద్ధమునకు పొమ్మని ఆయనను నిర్బంధించినవారు లేరు. అయినను ఆయన స్వచ్ఛందముగా సైన్యమున చేరెను. మొదట బెల్జియమునందలి నామూర్ వద్ద వాతావరణ పరిశీలన కేంద్రమున పనిచేసెను. తరువాత ఫ్రాన్సు యుద్ధరంగమునను, రష్యా యుద్ధరంగమునను ఫిరంగిదళమునకు లెక్కలు కట్టెను. గాలియు దాని సాంద్రతయు ఫిరంగిగుండు త్రోవను ఎట్లు మార్చునో వివరించుచు ఆయన వ్రాసిన వ్యాసమును ప్రభుత్వమువారు రహస్యముగా నుంచి, యుద్ధము ముగిసిన పిమ్మట 1920 లో గాని ప్రకటింపలేదు. నక్షత్రముల త్రోవలను లెక్కించుటకు నేర్చిన గణితము మనుష్యులను చంపు గుండ్ల త్రోవలను లెక్కించుటకు వినియోగపడినది. యుద్ధకాలమున పెక్కు దేశముల పండితుల విద్యకు పట్టిన గతి ఇదియే.

1915 నవంబరులో ఆల్బర్ట్ ఐన్‌స్టీన్ బెర్లిను విజ్ఞానపరిషత్తునందు తన సాధారణ సాపేక్ష సిద్ధాంతమును ప్రకటించెను. న్యూటను చెప్పినట్లు సూర్యుడు భూమిని ఏదో కనబడని త్రాటితో లాగుటలేదనియు, బరువైన వస్తువు తన చుట్టునున్న దేశకాలములను వంచుననియు, ఆ వంపునుబట్టియే గ్రహములు తిరుగుచున్నవనియు దాని సారాంశము. బుధగ్రహపు కక్ష్య శతాబ్దమునకు కోణమానమున 43 సెకండ్లు అదనముగా జరుగుటకు న్యూటను సిద్ధాంతమున కారణము కనబడకుండెను. ఐన్‌స్టీన్ దానిని తన సమీకరణములనుండి రాబట్టెను. కాని ఆ సమీకరణములు ఎంత జటిలమైనవనగా, ఐన్‌స్టీనే వానిని ఉరమరగా మాత్రమే సాధింపగలిగెను.

ఆ వ్యాసము యుద్ధరంగమున నున్న ష్వార్జ్‌షీల్డ్ చేతికి చేరెను. వంగిన ఆకాశమును గూర్చి 15 ఏండ్ల క్రిందటనే ఆలోచించినవానికి అది ఎంతటి విందై యుండునో ఊహించుకొనవచ్చును. ఆయన సమస్యను వీలైనంత సులభము చేసికొనెను. శూన్యమున ఒంటరిగా నున్న ఒక గుండ్రని గోళము. అది తిరుగదు, కదలదు. దాని చుట్టును దేశకాలములు ఎట్లు వంగియుండును? ఈ ప్రశ్నకు ఆయన ఉజ్జాయింపు లేని, నిర్దుష్టమైన సమాధానము కనుగొనెను. 1915 డిసెంబరు 22 న ఆ ఫలితమును ఐన్‌స్టీన్‌కు ఉత్తరముగా వ్రాసి పంపెను. అది యింత సులువుగా తెగునని ఐన్‌స్టీన్ అనుకొని యుండలేదు. 1916 జనవరి 13 న ఆయనయే ష్వార్జ్‌షీల్డ్ తరఫున దానిని పరిషత్తునందు సమర్పించెను.

ఆ సమాధానములో ఒక పొడవు కలదు. గోళము యొక్క ద్రవ్యరాశినిబట్టి ఆ పొడవు మారును. సూర్యునంత ద్రవ్యరాశికి అది సుమారు 3 కిలోమీటర్లు. భూమియంత ద్రవ్యరాశికి సుమారు 9 మిల్లీమీటర్లు. దీనినే నేడు ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్ధమని పిలుతురు. దీని అర్థమును ఇట్లు తెలిసికొనవచ్చును. పైకి విసరిన రాయి తిరిగి నేలపై పడును. సెకనుకు 11 కిలోమీటర్లకు మించిన వేగమున విసరగల్గినచో అది భూమిని విడిచి పోవును. సూర్యుని ఉపరితలమునుండి తప్పించుకొనవలెనన్న సెకనుకు 618 కిలోమీటర్ల వేగము కావలెను. సూర్యుని చేతబట్టి పిండి పిండి చిన్నది చేయుచు పోయినచో ఈ వేగము పెరుగుచు పోవును. 3 కిలోమీటర్ల వ్యాసార్ధమునకు కుదించునప్పటికి, సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవు కాంతికి సైతము తప్పించుకొనుట సాధ్యము కాదు. భూమినైనచో ఒక గోలీకాయంత చేయవలెను. ఇట్టి చీకటి నక్షత్రములు ఉండవచ్చునని ఇంగ్లండులో జాన్ మిషెల్ 1783 లోను, ఫ్రాన్సులో లాప్లాసు 1796 లోను న్యూటను సిద్ధాంతమునుబట్టియే ఊహించి యుండిరి. లోకము వారి మాటను మరచిపోయెను.

ష్వార్జ్‌షీల్డ్ ఊరకుండక రెండవ వ్యాసమును వ్రాసెను. అందు గోళము లోపలి స్థితిని విచారించెను. ఒకే సాంద్రత గల గోళమును కుదించుచు పోయినచో, ఆ పరిమితిని చేరకమునుపే దాని నడిబొడ్డున ఒత్తిడి అనంతమగునని తేలెను. కావున నక్షత్రములు నిజముగా అంతగా కుదించుకొని పోవునని ఆనాటివారెవ్వరును నమ్మలేదు. ఆ పొడవు లెక్కలో కనబడు ఒక వింతగనే నిలిచిపోయెను.

ఆ వ్యాసము 1916 ఫిబ్రవరి 24 న పరిషత్తునకు సమర్పింపబడెను. అప్పటికే ఆయన శరీరము రోగగ్రస్తమై యుండెను. చర్మమంతటను నీటిపొక్కులు లేచి, పగిలి పుండ్లగునట్టి దారుణమైన వ్యాధి అది. శరీరమును కాపాడవలసిన రక్షణశక్తియే చర్మముపై తిరుగబడుటవలన ఇది కలుగునని నేటి వైద్యులు చెప్పుదురు. ఆనాడు దీనికి చికిత్స లేదు. మార్చి నెలలో ఆయనను ఇంటికి పంపివేసిరి. రోగశయ్యపై నుండియు ఆయన పని మానలేదు. పరమాణువులు వెదజల్లు కాంతిరేఖలు విద్యుత్ క్షేత్రమున ఎట్లు చీలునో క్వాంటం సిద్ధాంతమునుబట్టి వివరించుచు మరియొక వ్యాసమును సిద్ధము చేసెను. 1916 మే 11 న ఆ వ్యాసము వెలువడెను. ఆ దినముననే ఆయన పాట్స్‌డామ్‌లో మరణించెను. వయస్సు 42 సంవత్సరములు. గోటింగెన్ శ్మశానవాటికలో ఆయనను ఖననము చేసిరి. జూన్ నెలలో పరిషత్తునందు ఐన్‌స్టీన్ ఆయనను సంస్మరించుచు ఉపన్యసించెను.

ఆయన విడిచిపోయిన లెక్క నెమ్మదిగా ప్రాణము పోసికొనెను. 1930 లో, చెన్నపట్టణమున చదువు ముగించి ఓడపై ఇంగ్లండునకు పోవుచున్న 19 ఏండ్ల సుబ్రహ్మణ్యన్ చంద్రశేఖర్, చల్లారిన నక్షత్రము తన బరువును తాను మోయుటకు ఒక హద్దు కలదని లెక్కవేసెను. ఆ హద్దు సూర్యునికి సుమారు 1.4 రెట్లు. 1939 లో ఓపెన్‌హైమర్, స్నైడర్ అను అమెరికా పండితులు, బరువైన నక్షత్రము ఇంధనము తీరిన పిమ్మట లోపలికి కూలి ష్వార్జ్‌షీల్డ్ వ్యాసార్ధమును దాటిపోవుననియు, దానిని ఆపగల శక్తి లేదనియు చూపిరి. ఆ వ్యాసము వెలువడిన సెప్టెంబరు 1 ననే రెండవ ప్రపంచయుద్ధము మొదలయ్యెను. మరల ఎవ్వరికిని తీరిక లేకపోయెను. 1967 తరువాతనే కృష్ణబిలమను పేరు వ్యాప్తిలోనికి వచ్చెను. హంస మండలమున ఎక్స్ కిరణములను వెదజల్లు చోట అట్టిదొకటి కలదని 1970 తరువాతి సంవత్సరములలో తేలెను. 2019 లో, 5 కోట్ల కాంతి సంవత్సరములకు మించిన దూరమున నున్న ఒక మహాకృష్ణబిలపు నీడను, దాని చుట్టునున్న వెలుగు వలయముతో సహా, ఛాయాచిత్రమున బంధించిరి. దాని ద్రవ్యరాశి 650 కోట్ల సూర్యులకు సమానము.

ఇక మొదట అడిగిన ప్రశ్నకు రావచ్చును. కృష్ణబిలములు నిజమే యని తేలినవి. అవి భూమిని మ్రింగునా?

ష్వార్జ్‌షీల్డ్ లెక్కనే అడుగుదము. ఆయన సమాధానమున గోళమునకు దూరముగా పోయినకొలది దేశకాలముల వంపు న్యూటను చెప్పిన ఆకర్షణతో సరిపోవును. గోళము పెద్దదైనను చిన్నదైనను వెలుపల భేదము లేదు. ద్రవ్యరాశి ఎంతయనునదే ముఖ్యము. సూర్యుని తీసివేసి, అంతే ద్రవ్యరాశిగల కృష్ణబిలమును అచ్చట నుంచితిమనుకొనుడు. భూమి దానిలో పడదు. ఇప్పటివలెనే 365 దినములకొకసారి దాని చుట్టు తిరుగుచుండును. వెలుగు లేక మనమందరము చలికి గడ్డకట్టిపోవుదుము. అది వేరు సంగతి. కృష్ణబిలము సుడిగుండమువలె నలుదిక్కులనుండి అన్నిటిని లాగికొనునని చెప్పుట తప్పు. దానిని మిక్కిలి సమీపించినదానికే ముప్పు. సూర్యులు పదింటి బరువుగల కృష్ణబిలమును సమీపించిన వస్తువు జంతికల గొట్టమునుండి వచ్చు పిండివలె సాగి తెగిపోవును. కాని ఆ గండము దానికి కొన్నివేల కిలోమీటర్ల లోపలనే.

ఇది వట్టి లెక్క మాత్రమే కాదు. ఇంతవరకు తెలిసిన కృష్ణబిలములలో మనకు మిక్కిలి దగ్గరిది 2022 లో కనబడినది. దాని ద్రవ్యరాశి సుమారు పది సూర్యులంత. సూర్యునివంటి నక్షత్రమొకటి, భూమికిని సూర్యునికిని గల దూరముకంటె కొంచెము ఎక్కువ దూరమున, 186 దినములకొకసారి దానిచుట్టు ప్రదక్షిణము చేయుచున్నది. ఆ నక్షత్రమును అది మ్రింగలేదు. ఆ కృష్ణబిలము మనకు సుమారు 1,600 కాంతి సంవత్సరముల దూరమున కలదు. ఒక్క కాంతి సంవత్సరమనగా సుమారు 9.5 లక్షల కోట్ల కిలోమీటర్లు. మన పాలపుంత నడుమ, ధనూరాశి దిక్కున, 43 లక్షల సూర్యుల ద్రవ్యరాశిగల మహాకృష్ణబిలమొకటి కలదు. మనకు దానికి నడుమ సుమారు 27,000 కాంతి సంవత్సరముల ఎడము. సూర్యుడు పుట్టినది మొదలు 460 కోట్ల సంవత్సరములుగా గ్రహములతో కూడ పాలపుంత నడిమి భాగముచుట్టు తిరుగుచు, ఇప్పటికి ఇరువది ప్రదక్షిణముల వరకు చేసియుండును. నడుమ నున్నది మనలను లాగికొనలేదు.

దారితప్పిన కృష్ణబిలమొకటి సౌరకుటుంబమున ప్రవేశించినచో మాత్రము కీడే. అది భూమిని మ్రింగనక్కరలేదు. దూరమునుండియే గ్రహముల కక్ష్యలను చెదరగొట్టును. భూమి సూర్యునికి మరీ దగ్గరయినను, మరీ దూరమైనను ప్రాణులు బ్రతుకవు. అంత బరువుగల మామూలు నక్షత్రము వచ్చినను ఇదే జరుగును. కాని నక్షత్రముల నడుమ గల ఎడమును తలచినచో ఇట్టిది సంభవించుట మిక్కిలి అరుదని తెలియును. మన గ్రహములు నేటికిని ఇంచుమించు గుండ్రని కక్ష్యలలో ఒద్దికగా తిరుగుచుండుటయే, ఇన్ని కోట్ల సంవత్సరములలో అట్టి అతిథి మన లోగిలిలోనికి రాలేదనుటకు ఆనవాలు.

2008 సెప్టెంబరులో జెనీవా నగరమువద్ద 27 కిలోమీటర్ల చుట్టుకొలత గల యంత్రమును నడపనారంభించినప్పుడు, అందులో పుట్టు సూక్ష్మమైన కృష్ణబిలము భూమిని తినివేయునని మన దేశమున సైతము టెలివిజన్ వార్తలను చూచి పలువురు బెదరిరి. ఆ యంత్రముకంటె ఎక్కువ శక్తిగల కిరణములు అంతరిక్షమునుండి కోట్లకొలది సంవత్సరములుగా భూమిపై పడుచునే యున్నవి. హేలీ తోకచుక్కనాటి మాత్రలమ్మినవారు ఈసారి కనబడలేదు గాని, భయమునమ్మినవారు కనబడిరి.

ష్వార్జ్‌షీల్డ్ మరణించునప్పటికి ఆయన కుమారుడు మార్టిన్‌కు ఇంకను నాలుగేండ్లు నిండలేదు. ఆ బాలుడు పెరిగి, తండ్రి పనిచేసిన గోటింగెన్‌లోనే ఖగోళశాస్త్రము చదివెను. హిట్లరు పాలనమున యూదులకు నిలువనీడ లేకపోగా 1936 లో జర్మనీని విడిచి, తుదకు అమెరికాలోని ప్రిన్‌స్టన్ విశ్వవిద్యాలయమున ఆచార్యుడయ్యెను. నక్షత్రములు ఎట్లు ముసలివగునో లెక్కవేసి చెప్పినవారిలో ఆయన అగ్రగణ్యుడు. 1955 లో ఫ్రెడ్ హాయిల్ అను ఆంగ్ల శాస్త్రజ్ఞునితో కలిసి, సూర్యునివంటి నక్షత్రము తన హైడ్రోజను తరిగిన పిమ్మట ఎట్లు ఉబ్బి ఎర్రని మహానక్షత్రమగునో వివరించెను. ఆ లెక్కల వెంబడి నడచిన శాస్త్రజ్ఞులు మన సూర్యుని జాతకమును నేడు చాలవరకు చెప్పగలుగుచున్నారు. సూర్యుడు క్రమముగా మరింత ప్రకాశవంతుడగుచు, సుమారు 100 కోట్ల సంవత్సరములకు భూమిపై సముద్రములు ఇంకిపోవునంతటి వేడిని ఇచ్చును. సుమారు 500 కోట్ల సంవత్సరములకు ఉబ్బి, ఎర్రబారి, బుధశుక్రులను తనలో కలుపుకొనును. పిమ్మట పైపొరలను విడిచి, తెల్లని కుబ్జనక్షత్రమై చల్లారును. అది కృష్ణబిలమగుటకు చాలినంత బరువు దానికి లేదు. తండ్రి లెక్కలోని 3 కిలోమీటర్లకు అది ఎన్నటికిని కుదించుకొనిపోదు. ఇంచుమించు భూమియంత పరిమాణమున నిలిచిపోవును.